మలుపులో పడ్డవాడు

క్రెస్సెంజ్ అక్కకు,

కొర్బినియన్ ప్రాణాలతో బయటపడ్డందుకు ఆదివారం చర్చిలో కృతజ్ఞతా పూజ చెప్పిస్తున్నానని రాశావు. అందుకే ఇక ఊరుకోలేక కలం పట్టాను. ఆ పూజ ఆపించు.

ప్రపంచ మోటార్‌సైకిల్ పోటీల అర్హత పందేల్లో ఆఖరి పందెం అది. చెక్ కుర్రాడొకడు ముందున్నాడు. మా చిన్నవాడు క్సావర్ బాగా వెనకబడ్డాడు. పెద్దవాడు కొర్బినియన్‌కి ఎలాగూ అర్హత దక్కేలా లేదు. వాడు మలుపులో ఇసుకలో పడి కదల్లేదు. పందెం ఆపేశారు. నేను జపమాలతో పరుగెత్తి, "మరియ తల్లీ, వాడి బదులు నన్ను తీసుకో" అంటూ మోకాళ్ల మీద పడ్డాను.

హెల్మెట్‌లోంచి వాడు గుసగుసలాడాడు. "ఏడవకమ్మా, నాకేం కాలేదు. ఆపితే మళ్లీ మొదటినుంచి పెడతారు. తమ్ముడికి ఇంకో అవకాశం."

వాణ్ణి తప్పించి మళ్లీ పెట్టారు. క్సావర్ గెలిచాడు. చెక్ కుర్రాడికి అర్హత పోయింది.

బీరు బల్ల దగ్గర మా ఆయన, "మా పెద్దోడు పడుకోవడంలో కూడా చాంపియనే!" అంటే అందరూ పగలబడి నవ్వారు. అప్పుడే ఆ చెక్ కుర్రాడి తల్లి వచ్చి నా చేతులు పట్టుకుని, వచ్చీరాని జర్మన్‌లో, "మీ అబ్బాయి కోసం ప్రార్థించాను, బాగున్నాడా?" అంది.

ఈ ఉత్తరం దాచిపెట్టు, ఎవరికీ చూపించకు. ఆమెకు నిజం వాడే చెప్పాలి. చెప్పేదాకా వాడికి నా చేతి వంట లేదు.

నీ చెల్లెలు