పిడి మీద రెండో బొటనవేలు

ఒనోమిచి,
ఏప్రిల్ 6

సకాయ్ పట్నం, ఒగినో కత్తుల కొట్టు యజమాని గారికి,

ఇక్కడ చెర్రీ పూలు రాలి మా వాకిలంతా పరుచుకున్నాయి. అక్కడా ఊడ్చుకుంటున్నారని తలుస్తాను. నమస్కారం.

నా పేరు ఇవాసె తొకుజిరో. రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ముప్ఫై రెండేళ్ళు చేసి, మార్చి నెలాఖరున రిటైరయ్యాను. మర్నాడు పొద్దున్నే నా భార్య ఫుసాయె టీ కప్పు నా ముందు పెట్టి, "మీతోబాటు నేనూ రిటైరయ్యాను. ఇవాళ్టి నుంచి వంట మీది" అంది. వేళాకోళం అనుకున్నాను. మధ్యాహ్నం దాకా బల్ల ముందు కూర్చున్నాను. అన్నం రాలేదు.

ఇందులో నా తప్పు కొంత ఉందని మీరు అనుకోవచ్చు, గనుక ఉన్నదున్నట్టు రాస్తాను. ఆమె డ్యూటీకి కట్టిచ్చే అన్నం డబ్బాలో ముల్లంగి కాగితంలా ఉండేది. తోటివాళ్ళు చుట్టూ మూగి చూసేవారు. కానీ సెలవు రోజున నేను వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటే, అదే ముల్లంగి పట్టాల కింద దుంగల్లా తరిగేది. మొగుడు ఇంట్లో ఉన్న రోజే ఈ నిర్లక్ష్యం ఏమిటని ముప్ఫై ఒక్కేళ్ళు అడిగాను. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆవిడా అడిగింది. ఫుసాయె తరుగుతూనే ఉండేది.

ఇప్పుడు మా ఇద్దరికీ పందెం పడింది. సెప్టెంబరు 23న ఆమె అక్క మసుయె భోజనానికి వస్తుంది. ఆ పూట వంటంతా, ముల్లంగి సన్నగా తరగడంతో సహా, నేనొక్కణ్ణే చెయ్యాలి. నెగ్గితే, ఇన్నాళ్ళూ నిర్లక్ష్యంగా తరిగానని ఫుసాయె అక్క ఎదుట ఒప్పుకోవాలి. ఓడితే నేను ముల్లంగి గురించి చచ్చేదాకా నోరెత్తకూడదు.

ఇంట్లో ఉన్న ఒక్క కత్తికీ పిడి ఊడి అదీ రిటైరైంది. పెద్ద దుకాణంలో ఏడు కత్తుల పెట్టె ఇరవై వేలన్నారు. నా దగ్గర నాలుగు వేల యెన్‌లు ఉన్నాయి. అందులో ఏడూ వచ్చేలా చూడగలరు.

ఇట్లు,
ఇవాసె తొకుజిరో

తా.క. ఏడులో ఒకటి తగ్గినా అభ్యంతరం లేదు. ఏది దేనికో నాకు ఎలాగూ తెలియదు.


సకాయ్,
ఏప్రిల్ 12

ఇవాసె గారికి,

పూలు ఇక్కడా రాలాయి. మా కోడలు ఊడ్చింది. నాకు డెబ్భై ఒకటి, నేను వంగను.

మీకు ఒక కత్తి పంపుతున్నాను. ఒక ఇంటికి ఒక మంచి కత్తి చాలు, రెండోది అడిగినా అమ్మను. కూరకీ చేపకీ మాంసానికీ ఇదే. జానెడు పొడుగు, మామూలు ఉక్కు. తళతళలాడే తుప్పు పట్టని రకం వద్దు, ఆ ధరలో దొరికే వాటికి పదును నిలవదు. ఇది తుప్పు పడుతుంది గానీ రాయి మీద నాలుగు రుద్దులకే మాట వింటుంది. వెల రెండు వేల మూడు వందలు. మిగిలిన దాంట్లో ఒక సానరాయి, ఒక చెక్క పలక కొనుక్కోండి. గాజు పలక మీద కోశారని తెలిస్తే కత్తి వెనక్కి తెప్పించుకుంటాను.

కోయగానే కడగండి, కడగగానే తుడవండి. ఎముకల మీదా, గడ్డకట్టిన చేప మీదా వాడకండి.

ఒగినో కియొ

తా.క. పిడికి ఒక పక్క చిన్న గట్టు ఉంటుంది. అది కుడిచేతి వేళ్ళు ఆనడానికి. లోపం అనుకుని ఆకురాయితో అరగదీసి ఇంతకుముందు ఒకాయన ఉత్తరం రాశాడు.


ఒనోమిచి,
మే 9

ఒగినో గారికి,

కొత్త ఆకుల కాలం, మీరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను.

మీ కత్తి మూడో రోజుకే ఎర్రబడింది. ఆరో రోజుకి నల్లబడింది. ప్రభుత్వంలో పనిచేసినవాణ్ణి, మోసాన్ని మోసం అనే అంటాను. నేను చేసిందల్లా వెనిగరు పట్టించిన కానాగంత చేపను కోసి, కత్తిని తొట్టి నీళ్ళలో నానబెట్టడం. గిన్నెలన్నీ నానినప్పుడు కత్తికి ఏమొచ్చింది?

ఫుసాయె అటుగా వచ్చి చూసి, పెదవి కొరుక్కుని, అవతలికి వెళ్ళిపోయింది. నవ్విందని నా అనుమానం.

ఇట్లు,
ఇవాసె తొకుజిరో

తా.క. డబ్బు వాపసు చెయ్యనక్కర్లేదు. ఎరుపు ఎలా పోతుందో చెప్పండి చాలు.


సకాయ్,
మే 14

ఇవాసె గారూ,

కత్తికి తుప్పు పట్టలేదు, మీరు పట్టించారు.

గిన్నెలు తోమే పొడిని ముల్లంగి తోక ముక్కకి అద్ది ఎర్రటి చోట రుద్దండి, పోతుంది. నలుపు జోలికి పోకండి. అది ఉక్కు మీద వయసు, ఎర్ర తుప్పును రానివ్వదు. నా మొహం మీదా ఉంది, ఎవరూ రుద్దడం లేదు.

సానరాయిని బుడగలు ఆగేదాకా నీళ్ళలో ఉంచండి. నానాల్సింది రాయి, కత్తి కాదు. కత్తి వీపు కింద పది యెన్‌ల నాణేలు రెండు పట్టేంత ఎత్తు లేపి రుద్దండి. చేతకాకపోతే నాకు పంపండి, మొదటిసారి ఊరికే సానపట్టి ఇస్తాను.

ఒగినో కియొ

తా.క. కవరెందుకు, కార్డు మీద రాయండి. ఇరవై యెన్‌లు మిగులుతాయి. మన మధ్య రహస్యాలేమున్నాయి?


ఒనోమిచి,
జూలై 28
(కార్డు)

ఒగినో గారికి,

కీచురాళ్ళ రొదలో రాస్తున్నాను. కత్తి విడిగా పార్సిల్లో వస్తోంది, పదును పెట్టించగలరు. ముందే చెబుతున్నాను, దీన్ని నేను తప్ప ఇంకెవరూ ముట్టరు. అరిగినా వంగినా బాధ్యత నాదే.

నా చెయ్యి తిరిగింది. ఇప్పుడు నా ముల్లంగి వెలుతురులో పెడితే అవతల వేళ్ళు కనిపిస్తున్నాయి. పందెం నాదే.

ఇవాసె

తా.క. నేను కనిపెట్టిన సంగతి ఒకటి. నాలుగింటికి తరిగి, నీళ్ళలో వేసి, వీధి చివర ఊరందరికీ ఉన్న స్నానాల ఇంటికి వెళ్తాను. తరిగేటప్పుడు ముక్కలు లావుగానే ఉంటాయి. అయిదింటికి వచ్చి చూస్తే సన్నబడి ఉంటాయి. ముల్లంగి నీళ్ళలో కుంచించుకుపోతుంది. వంటల పుస్తకాల్లో ఈ మాట ఎవరూ రాయలేదు.


సకాయ్,
ఆగస్టు 3
(కార్డు)

ఇవాసె గారూ,

పదును పెట్టి పంపాను. నేను యాభై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కత్తులు చూస్తున్నాను, పిడి చూస్తే చెయ్యి తెలుస్తుంది. మీ పిడికి ఎడమ పక్క ఒక బొటనవేలి మరక ఉంది, కుడిచేతిది, అది మీది. కుడి పక్కన ఇంకోటి ఉంది. ఈ కత్తిని మీ ఇంట్లో పుర్రచేతివాటం మనిషి ఒకరు వాడుతున్నారు. పనితనం మీకంటే చాలా మెరుగు.

ఒగినో కియొ

తా.క. ముల్లంగి నీళ్ళలో కుంచించుకుపోదు. ఉబ్బుతుంది.


ఒనోమిచి,
ఆగస్టు 19
(కార్డు. చోటు చాలక అడ్డంగా కూడా రాశాను, తిప్పి చదవండి.)

ఒగినో గారికి,

మీ కార్డు రెండుసార్లు చదివాను. మా ఇంట్లో ఉండేది నేనూ ఫుసాయె. ఆమె పుల్లలతో తినడం, రాయడం అన్నీ కుడిచేత్తోనే, ముప్ఫై ఒక్కేళ్ళుగా ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. కాబట్టి బయటి మనిషి వస్తున్నాడు.

వెంటనే పెరటి తలుపుకి తాళం మార్చాను. స్నానానికి వెళ్ళేటప్పుడు కత్తి కింద పాత టిక్కెట్టు ఒకటి పెట్టి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి టిక్కెట్టు పక్కకి తీసి ఉంది. పలక కడిగి ఆరబెట్టి ఉంది. ఏమీ పోలేదు. ఇంత శుభ్రమైన దొంగని నా సర్వీసులో చూడలేదు.

మా వీధిలో పుర్రచేతివాడు పక్కింటి నిషివాకి ఒక్కడే. రోజూ నాతో చదరంగం ఆడతాడు. నిన్న ఆట మధ్యలో అతని ముందు ముల్లంగీ కత్తీ పెట్టి, "ఒక్కసారి తరిగి చూపించు" అన్నాను. ఎందుకన్నాడు. చెప్పాను. లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రం వాళ్ళావిడ మా పళ్ళెం తిరిగిచ్చింది, లోపల ఏమీ పెట్టకుండా. ఈ వీధిలో పళ్ళెం ఖాళీగా తిరిగిరావడం ఇదే మొదలు.

ఇవాసె

తా.క. ఫుసాయెకి భయం లేదు. "కత్తి ఎత్తుకుపోని దొంగకి భయమెందుకు?" అంది. తరవాత చాలాసేపు నన్నే చూస్తూ కూర్చుంది. పాపం, లోపల భయపడే ఉంటుంది.


సకాయ్,
ఆగస్టు 25
(కార్డు)

నాయనా,

నువ్వు రైల్లో ఎవరినైనా ఎప్పుడైనా పట్టుకున్నావా? పెద్దదాన్ని, నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

ఒకరోజు స్నానానికి బయలుదేరి సబ్బు మరిచిపో. వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి రా. తలుపు తియ్యకు, వంటింటి కిటికీ వైపు నుంచి చూడు. ఏం కనబడినా అరవకు. ముందు నాకు రాయి.

కియొ

తా.క. పక్కింటాయనకి క్షమాపణ ఇప్పటి నుంచే సిద్ధం చేసుకో.


ఒనోమిచి,
సెప్టెంబరు 8

ఒగినో గారికి,

ఇది కార్డు మీద రాసే సంగతి కాదు. కవరే కొన్నాను.

సబ్బు మరిచిపోవాలన్న మాటే మరిచిపోయి, వారం రోజులు సబ్బు తీసుకునే వెళ్ళాను. మొన్న మలుపు దగ్గర చూసుకుంటే నిజంగానే సబ్బు లేదు. అప్పుడు మీ కార్డు గుర్తొచ్చింది.

కిటికీ తీసి ఉంది. పలక ముందు ఫుసాయె. నేను తరిగిన ముక్కల్ని ఒక్కొక్కటే తీసి మళ్ళీ తరుగుతోంది. కత్తి ఎడమచేతిలో ఉంది. ఎంత తేలిగ్గా వెళ్తోందో. పని చేస్తూ కూనిరాగం తీస్తోంది. మా ఇంట్లో ఆమె పాట నేనెప్పుడూ వినలేదు.

నేను అరవలేదు. తువ్వాలు పట్టుకుని సముద్రం ఒడ్డుకి పోయి కూర్చున్నాను.

డబ్బా కట్టేది తెల్లవారుజామున, నేనూ అమ్మా లేవకముందు. చూసేవాళ్ళు లేరు కాబట్టి ఎడమచేత్తో కోసేది. సెలవు రోజున నేను పీట వేసుకుని చూస్తూ కూర్చునేవాణ్ణి, అమ్మ వెనకాల నిలబడేది. అప్పుడు కుడిచేత్తో కోసేది. రాని చేత్తో. పుర్రచేతివాటం పిల్ల మన గడప తొక్కకూడదని అమ్మ ఊళ్ళో కోడళ్ళందరి గురించీ అనేది. నేను పక్కనే కూర్చుని ఊఁ కొట్టేవాణ్ణి. ఆ పైన నిర్లక్ష్యం అన్నాను. ఇప్పుడా మాట అక్క ఎదుట ఒప్పుకోమని పందెం కూడా కట్టాను.

ముప్ఫై రెండేళ్ళు ఎవరెవరినో టిక్కెట్లు అడిగాను. నా ఇంట్లో మనిషిని ఒక్క మాట అడగలేదు. సిగ్గుగా ఉంది.

ఒక ఇంటికి ఒక కత్తే అన్నారు. బతిమాలుకుంటున్నాను, రెండోది అమ్మండి. గట్టు అవతలి పక్కన ఉండాలి. ఎంతైనా సరే.

ఇట్లు,
ఇవాసె తొకుజిరో

తా.క. నిషివాకి దగ్గరికి రెండు సీసాల సాకే సారా పట్టుకెళ్ళాను. లోపలికి రానిచ్చే ముందు వాకిట్లో నా చేత ముల్లంగి తరిగించాడు. చూసి, "నీ ఇంట్లో దొంగ వేరే ఉన్నమాట నిజమే" అని తలుపు తీశాడు.


ఒనోమిచి,
సెప్టెంబరు 26

ఒగినో కియొ గారికి,

ఎండ తగ్గింది, తోటలో తూనీగలు వచ్చాయి. నేను ఇవాసె భార్యని, ఫుసాయెని. మీకు నేను రాయడం ఇదే మొదలు, మిమ్మల్ని చదవడం మాత్రం వేసవి నుంచీ.

మీరిద్దరూ రాసేది కార్డుల మీద కదా. పోస్టు నా చేతికే వస్తుంది. రెండు మరకల కార్డు ముందు నేనే చదివాను. పోస్టుమాన్ కూడా చదివాడనుకుంటాను, ఇచ్చేటప్పుడు నా చేతుల వైపు చూశాడు. మూడు రోజులు దాన్ని బియ్యం డబ్బాలో దాచాను. తరవాత ఈయనకి ఇప్పుడైనా తెలియనీ అనిపించి, తీసి పేపరు మీద పెట్టాను. అంత స్పష్టంగా రాసి ఉంది, లెక్క కట్టుకుంటారనుకున్నాను. ఆయన వెళ్ళి తాళం మార్చారు.

సబ్బు కార్డూ చదివాను. ఆయన చేత ఏదైనా మరిపించడం మీ తరం కాదు. వారం చూసి, సబ్బు నేనే తువ్వాల్లోంచి తీసేశాను. కిటికీ రెక్కలు రెండూ తెరిచి నిలబడ్డాను. భయం కనబడకూడదని పాట పాడాను.

అత్తగారు పోయి తొమ్మిదేళ్ళు. అప్పుడే చెప్పి ఉండవచ్చు. అంతకాలం దాచినదాన్ని ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. ఆయన ముక్కలు సరిచేసింది పందెం నెగ్గించడానికి కాదు. ఆ ముల్లంగిని అలా చూస్తూ ఊరుకోలేకపోయాను.

23న అక్క వచ్చింది. ఆయన అన్నం వండారు, చేప కాల్చారు, తోక మాడింది. తరవాత మీరు పంపిన రెండో కత్తిని పలకకి ఎడమ పక్కన పెట్టి, అరచెయ్యి చాపారు. "కత్తి ఊరికే ఇస్తే బంధం తెగిపోతుందంటారు. అయిదు యెన్‌లు ఇయ్యి" అన్నారు. నాణెం ఇచ్చాను. "ఇవాళ ముల్లంగి నువ్వు తరుగు. నేను ఓడిపోయాను" అన్నారు అక్క ఎదుట. తరిగాను, ఎడమచేత్తో, ఇద్దరూ చూస్తుండగా. అక్క ఏడ్చింది. చిన్నప్పుడు మా అమ్మ నా ఎడమ చొక్కా చేతిని నడుముకి కట్టేస్తుంటే ముడి పట్టుకున్నది తనే.

రెండో కత్తికి డబ్బు మీరు తీసుకోలేదట. బంధం తెగకూడదు గనుక ఈ కవర్లో అయిదు యెన్‌ల నాణెం పెట్టాను.

ఉంటాను,
ఇవాసె ఫుసాయె

తా.క. అక్షరాలు వంకరగా ఉన్నందుకు మన్నించండి. ఉత్తరం ఎడమచేత్తో రాయడం యాభై రెండేళ్ళలో ఇదే మొదలు.

ఇంకొకటి. ఆయన ఇప్పుడే ముల్లంగి తరిగి తెచ్చి నా ముందు పెట్టారు. ముక్కలు చాలా లావుగా ఉన్నాయి. నేను మళ్ళీ తరగలేదు, అలాగే తిన్నాను.