ఎడమవైపు తిరిగిన జిసెల్

లెనిన్‌గ్రాద్
1984 ఫిబ్రవరి 19

నా తల్లి తాయాకు, అమ్మ ముద్దులతో దీవించి రాయునది.

ఇక్కడ నేనూ, పిల్లీ, నా రెండు మోకాళ్ళూ క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడూ, పిల్లవాడూ క్షేమమని నమ్ముతున్నాను. నువ్వు పంపిన పైన్ గింజలు అందాయి. పళ్ళు సహకరించవు కాబట్టి సుత్తితో కొట్టుకుని తింటున్నాను. ఆ చప్పుడేమిటని కింది ఇంటివాళ్ళు పైకి వచ్చారు. అడగడం మరిచిపోయి, రెండు గుప్పెళ్ళు తిని వెళ్ళారు.

ఈ ఏడు మన బ్యాలే థియేటర్లో ‘హంసల కొలను’ ఎలా ఉందని అడిగావు. కొత్త పిల్లను దింపారు. చేతులు బాగున్నాయి, వీపు చచ్చిపోయింది. తెల్ల హంసగా మెడ ఎత్తినప్పుడల్లా నీళ్ళు తాగే కోడి గుర్తొచ్చింది. నల్ల హంసగా మాత్రం ముప్పై రెండు చుట్లూ అంగుళం జరగకుండా తిరిగింది. ప్రోఖర్ నజారిచ్ లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు. తెలుసుగా, గ్యాలరీలో ముప్పై ఏళ్ళుగా నా పక్క సీటు, రిటైరైన ట్రామ్ డ్రైవరు.

“కూర్చో. చక్రం తిరగడం చూడాలంటే నీ డిపోకే పోవచ్చు కదా” అన్నాను.

“నా ట్రామ్ ఏనాడూ ఇంత సాఫీగా తిరగలేదు అగ్లాయా. కొట్టనీ” అన్నాడు.

మాస్కో వాళ్ళు వచ్చి వెళ్ళారు. వాళ్ళకు ఎగరడం వచ్చు, దిగడం రాదు. ఒక్కొక్కడు దూకితే ఆ చప్పుడు పై గ్యాలరీ దాకా వినిపించింది. మనవాళ్ళకు దిగడం వచ్చు, ఎగరడం మరిచిపోతున్నారు. ‘నిద్రపోయే రాకుమారి’కి కొత్త తెరలు కుట్టించారు, అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు. నలుగురు రాకుమారుల చేతులు ఒక్కొక్కటే వదిలి ఒంటికాలి మీద నిలబడే చోట ఆ పిల్ల ముఖం పరీక్ష రాస్తున్న ముఖంలా ఉంది. అక్కడ నవ్వాలి తాయా. భయం కాలి వేళ్ళలో ఉండాలి గాని ముఖంలో కాదు.

నిజంగా బాగున్నది ఒక్కటే, ‘బయదేర్కా’లో, ఆ దేవదాసి కథలో, నీడల ఘట్టం. ముప్పై రెండు మంది అమ్మాయిలు తెల్లబట్టల్లో ఒకరి వెనుక ఒకరు వాలు దిగివచ్చారు. ఒక్క కాలు వణకలేదు. వాళ్ళలో ఒక్కరి పేరూ పోస్టరు మీద లేదు.

ఇక నువ్వు రాసిన అసలు సంగతి. దాన్ని దాటేసి కవరు అంటిద్దామని రెండుసార్లు అనుకున్నాను. “వెరేయ్‌స్కాయా యాభయ్యో పుట్టినరోజు సభకు వెళ్ళకమ్మా, వెళ్ళినా నోరు తెరవకమ్మా” అని రాశావు. ఏప్రిల్‌లో నీ శిష్యురాలు ఉల్యానా మన థియేటరుకు పరీక్షకు వస్తుందనీ, చూసేది ఆవిడేననీ రాశావు. నీ ఉత్తరం నాకు వేళకే అందింది. పోస్టువాళ్ళ మీద నెపం పెట్టను. చదివాను, మడిచాను, వెళ్ళాను.

నన్ను ఇరవై మూడేళ్ళుగా తొలుస్తున్నది నీకు తెలియనిది కాదు. అయినా ఒకసారి రాయనీ, రాస్తే నాకు ధైర్యం వస్తుంది. 1961 మార్చి, ఆదివారం మధ్యాహ్నం ఆట. ‘జిసెల్’లో నోన్నా వెరేయ్‌స్కాయా. మొదటి అంకంలో మోసపోయి చచ్చిపోయే పల్లెపిల్లగా బాగానే చేసింది. తెర పడ్డాక ఆమె చీలమండ వాచి బంతిలా అయింది. రెండో అంకంలో జిసెల్ సమాధిలోంచి ఆత్మగా లేవాలి. అధికారుల బాక్సులో విదేశీ అతిథులున్నారు. అప్పుడు నీకు ఇరవై ఏళ్ళు, ఆత్మల గుంపులో చివరి వరుస. ఆమె పాత్రంతా వేదిక పక్క తెర చాటున నిలబడి నేర్చుకున్నావని ఎవరికో తెలుసు. నీ ముఖాన తెల్లపొడి పూసి, ముసుగు వేసి, తోశారు. నువ్వు ఆడావు. మార్పు ప్రకటించలేదు. మూడు రోజుల తర్వాత పేపర్లో సమీక్ష వచ్చింది. “రెండో అంకంలో వెరేయ్‌స్కాయా మరో మనిషి. చుట్టుకున్న దారం విప్పుతున్నట్టు కుడి నుంచి ఎడమకు తిరిగింది; ఆ క్షణాన మనం చావును చూశాం, భయపడలేదు” అని. ఆ రెండు వాక్యాల మీద ఆవిడ నాయిక అయింది, బిరుదులు వచ్చాయి. నువ్వు ఒక్కసారి ఆఫీసు గదికి వెళ్ళి అడిగావు. మరుసటి ఏడు సైబీరియా థియేటర్లను బలపరచడానికి పంపేవాళ్ళ జాబితాలో నీ పేరు మొదటిది. ఆమెకు ఒక్క మాట చాలు, నిజం చెప్పడానికి. ఆ ఒక్క మాట ఆమె ఆడలేదు.

నేను మరిచిపోలేదు. ఆవిడ ఆడిన ప్రతి ఆటకూ వెళ్ళాను. తడబాటు ప్రతిదీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఒకటి గమనించాను, ఆవిడ జీవితంలో ఎన్నడూ ఎడమవైపు తిరగలేదు. ఎడమ తిరుగుడు ఎక్కడ వచ్చినా దాన్ని కుడికి మార్పించుకునేది. ఇరవై మూడేళ్ళు ఆ ఒక్క సంగతినే కత్తిలా నూరుకుంటూ కూర్చున్నాను.

సభ కిందటి ఆదివారం, పగలు రెండు గంటలకు, గ్రంథాలయం హాల్లో. అందరూ పూలతో వచ్చారు. ప్రోఖర్ కూడా మూడు కార్నేషన్లు తెచ్చాడు. నా చేతిలో నోటుబుక్కు. వెరేయ్‌స్కాయా బూడిదరంగు శాలువాతో, నిటారుగా. వీపు ఇప్పటికీ మంచిదే, అబద్ధం చెప్పను. ఆవిడ మీద అచ్చవుతున్న ఫొటోల ఆల్బం సంగతి చెప్పి, అధ్యక్షుడు ఆ సమీక్షే చదివాడు. నా చెవులు మండాయి. ప్రశ్నలుంటే అడగండి అనగానే లేచాను.

“నోన్నా యూర్యేవ్నా, చిన్న సందేహం. మీరెప్పుడూ కుడివైపే తిరుగుతారు. ఆ రోజు ఎడమకు ఎలా తిరిగారు?”

ఆవిడ నవ్వింది. “ఇరవై మూడేళ్ళ కిందటి సంగతి. నా కాళ్ళను అడగాలి.”

హాలు నవ్వింది.

“వాటికి గుర్తులేకపోతే నా నోటుబుక్కుకు ఉంది” అన్నాను. తేదీ చదివాను, ఎడమ తిరుగుడు గురించి రాసింది చదివాను. వెనక వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. గ్యాలరీ ముసలివాళ్ళం అందరం ఉన్నాం కదా, మాకు కాళ్ళు తెలుసు. ఆవిడ ముఖం మీద నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం నా చేతి మీదికి దిగాయి.

“ముక్కలుగా చదువుతున్నారేం? మొదటి నుంచీ చదవండి. పేరుతో సహా” అంది ఆవిడ.

తాయా, ఇక్కడ నీకు చెప్పాల్సింది ఒకటుంది. ఇరవై మూడేళ్ళుగా చెప్పనిది.

ఆ రోజు నువ్వు ఇంటికి వచ్చావు. బూట్లు విప్పితే రెండు బొటనవేళ్ళూ నెత్తురు. గుమ్మంలో నిలబడి, “అమ్మా, రెండో అంకం చూశావా?” అన్నావు. నీ చెవి వెనక తెల్లపొడి మిగిలి ఉంది. అది చూశాక నాకు అర్థమైంది. అప్పుడు, ఆ గుమ్మంలో. “మొదటి అడుగుకే నిన్ను గుర్తుపట్టాను” అన్నాను. నువ్వు నా మెడ పట్టుకుని ఏడ్చావు. “పోనీలే అమ్మా, నీకు తెలుసు, నాకంతే చాలు” అన్నావు. సైబీరియా రైలు ఎక్కేటప్పుడు కూడా అదే మాట అన్నావు.

నేను నిన్ను గుర్తుపట్టలేదు. నీ అమ్మను, గ్యాలరీలో పేరుమోసిన దాన్ని, ఏ కాలు ఎవరిదో చీకట్లో చెప్పగలనని గొప్పలు పోయేదాన్ని. ప్రోగ్రాం కాగితం మీద ఏ పేరుంటే ఆ పేరే చూశాను. ఏడ్చాను, లేచాను, గొంతు పోయేదాకా అరిచాను. ఏమని అరిచానో ఆ పేజీలో ఉంది. ఆ పేజీని చింపేద్దామని ఎన్నిసార్లో అనుకున్నాను. చింపితే ఎడమ తిరుగుడూ పోతుంది. అందుకని దాచాను. సభలో పేరు దాటేసి చదువుదామనుకున్నాను. వెరేయ్‌స్కాయా తెలివైనది. గ్యాలరీ వాళ్ళు ప్రోగ్రాం చూసి పేరు రాసుకుంటారని ఆమెకు తెలుసు.

“చదవలేకపోతే ఇటివ్వండి, నేను చదువుతాను” అంది, చెయ్యి చాపి.

ప్రోఖర్ నా కోటు అంచు లాగి, “కూర్చో అగ్లాయా, చాలు” అన్నాడు.

కూర్చుంటే ఆవిడ గెలుస్తుంది. చదివాను. “‘వెరేయ్‌స్కాయా, రెండో అంకం. ఎడమకు తిరిగింది, ఇదివరకెన్నడూ తిరగలేదు. ఆమె ఆటకు ఏడవడం ఇదే మొదటిసారి. నాలుగుసార్లు పేరు పెట్టి అరిచాను.’”

“చూశారా” అంది ఆవిడ, హాలు వైపు తిరిగి, మెత్తగా.

“చూశారు” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “ఆ రోజు వేదిక మీద ఉన్నది నా కూతురు తాయా. చివరి వరుస పిల్ల. కన్నతల్లిని, నేనే గుర్తుపట్టక మీ పేరు పెట్టి అరిచాను. ఇక ఆ సమీక్ష రాసినవాడిని ఏమంటాను? కానీ ఆ భవనంలో ఒక్క మనిషికి తెలుసు, ఆ కాళ్ళు ఎవరివో. ఆ మనిషి తెర వెనక బెంచీ మీద, మంచు బకెట్లో కాలు పెట్టుకుని, నా అరుపు వింటూ కూర్చుంది. విని, ఆ అరుపును ఇంటికి పట్టుకుపోయింది.”

వెరేయ్‌స్కాయా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “తర్వాతి ప్రశ్న” అంది. ఎవరూ అడగలేదు. అధ్యక్షుడు రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగేసరికి జనం కోట్ల కోసం లేవడం మొదలుపెట్టారు. పూలు ఒక్కరూ ఇవ్వలేదు. ఎవరు తెచ్చినవి వాళ్ళ చేతుల్లోనే బయటికి పోయాయి. ప్రోఖర్ కార్నేషన్లు ట్రాలీబస్సులో టికెట్లు చూసే ఆమెకు ఇచ్చాడు.

సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఆ రోజు నాకు తియ్యగా ఉంది. ఇంటికి వచ్చి బోర్ష్ సూపు రెండు గిన్నెలు తాగాను. ఆవిడ మెడ వంగడం ఎప్పుడూ చూడలేదు, ఆ రోజు చూశాను. మళ్ళీ చూడమంటే మళ్ళీ చూస్తాను. మర్నాడు పొద్దున లేచాక మాత్రం నువ్వు గుమ్మంలో నిలబడి అడిగింది ఒకటే చెవుల్లో తిరిగింది.

బుధవారం ఆవిడ ఫోన్ చేసింది. పలకరింపులు లేవు.

“ఆల్బంలోంచి ఆ సమీక్ష తీసేయమన్నాను.”

“తీసేయడం కాదు. రెండో అంకం ఎవరిదో పేరు రాయాలి.”

“మీ అమ్మాయినే వచ్చి అడగమనండి.”

“అడిగింది ఒకసారి. సైబీరియా పంపారు.”

అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. తర్వాత అంది, “ఆ అరుపు నాకు గుర్తుంది అగ్లాయా సవేల్యేవ్నా. నా పేరు అట్లా ఎవరూ పిలవలేదు, అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. బెంచీ మీద కూర్చుని, ఇది నాకే అనుకున్నాను. ఒక్క సాయంత్రం అనుకుందామనుకున్నాను. పేపరు వచ్చాక ఇక వెనక్కి రాలేకపోయాను.”

నేను “పాపం” అనలేదు. అనను కూడా. ఆవిడ మీద కోపం చల్లారిందని రాస్తే అది ఇంకో అబద్ధం. “పేరు రాస్తారా, రాయరా?” అన్నాను.

“రాస్తాను.”

“ఉల్యానా అని ఒక పిల్ల ఏప్రిల్‌లో వస్తోంది. నా మీద కోపం దాని మీద చూపిస్తారా?”

“దాని కాళ్ళు చూస్తాను. మీ నోరు కాదు” అని ఫోన్ పెట్టేసింది. పొగరు పోలేదు. కానీ కాళ్ళ విషయంలో ఆవిడ అబద్ధమాడుతుందని నేననుకోను. మిగతా అన్ని విషయాల్లో ఆడుతుంది.

నిన్న ఆల్బం వేసే ఎడిటరు ఫోన్ చేశాడు. ఆవిడ చీటీ అందిందట. నీ పేరు అక్షరం అక్షరం చెప్పమన్నాడు. ఆ ఏటి ఫొటో ఒకటీ, నీ సంతకంతో నాలుగు ముక్కలూ కావాలన్నాడు. రెండు వారాల గడువు. పేరు చెప్పబోయి ఆగాను. మా అమ్మాయినే అడగాలి అన్నాను.

సభకు వచ్చిన వాళ్ళలో ఒకావిడకు మీ క్రాస్నయార్స్క్‌లో చెల్లెలుందట. కబురు ఎలాగూ వస్తుంది. నేను నిన్ను గుర్తుపట్టలేదన్న సంగతి పరాయి నోట వినకముందే నా రాత నీకు చేరాలని ఆదరాబాదరా రాస్తున్నాను. నీకు ఆ ఊళ్ళో, ఆ చలిలో, ఉన్నది ‘అమ్మ గుర్తుపట్టింది’ అన్న ఆ ఒక్క మాటే. దాన్నీ నేనే లాక్కున్నాను, రెండు వందల మంది ముందు చదివి.

నిన్ను అడక్కుండా నీ ఆట గురించి రెండుసార్లు గొంతెత్తాను. ఒకసారి వేరే పేరుతో, ఒకసారి నీ పేరుతో. మూడోసారి నువ్వు చెప్పిందే చేస్తాను. ఫొటో వద్దంటే ఇవ్వను. కోపంగా రాస్తే కోపంగానే రాయి, ఎంత పొడవైనా చదువుతాను. రాయడం మాత్రం మానకు.

పిల్లవాడికి ఉన్ని మేజోళ్ళు వేరే పార్సెల్లో పంపుతున్నాను.

ఇట్లు,
నీ ఉత్తరం కోసం చూస్తున్న
అమ్మ