అమ్మ గిన్నె

అక్టోబర్ 1, శుక్రవారం. ఉదయం 9
కొత్త ఇల్లు! ఒక గది, ఒక బాల్కనీ, ఒకే ఒక్క తాళంచెవి. నా వయసు ముప్పై రెండు. శపథం: నెల రోజులు అమ్మ గడప తొక్కను. ఇది మా చెల్లి మైసూన్ చేయించిన శపథం. తను ఆరేళ్ళ కిందటే, అమ్మ గరిటె దెబ్బకి చిట్లిన కనుబొమతో ఇల్లు వదిలేసింది.

"ఒక్క నెల ఓర్చుకో అక్కా. ఆ తర్వాత నీ కాళ్ళే అటు వెళ్ళనంటాయి," అంది.

ఇంత తేలికని తెలిస్తే పదేళ్ళ కిందటే చేసేదాన్ని!

అక్టోబర్ 3
అమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఫోన్ మీద దిండు పెట్టి, దిండు మీద నేను కూర్చున్నాను. విజయం!!

అక్టోబర్ 4. మధ్యాహ్నం 3
అమ్మ వీధిలో టాక్సీ నడిపే అబూ జియాద్ ఒక గిన్నె తెచ్చాడు. ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం, ఇంకా వేడిగా ఉంది.

"మీ అమ్మ పంపిందమ్మా. చిక్కిపోయావు, తిను."

తిన్నాను. శపథం గడప గురించి, గిన్నె గురించి కాదు.

సాయంత్రం 6
చిక్కొచ్చి పడింది. మా ఇర్బిద్ ఊళ్ళో గిన్నె ఖాళీగా తిప్పి పంపితే పరువు పోతుంది. పాలన్నం వండి, టాక్సీలోనే పంపించాను.

అక్టోబర్ 6
గిన్నె మళ్ళీ వచ్చింది! నిండా పెరుగు పోసి వండిన మాంసం. మూత కింద చీటీ: 'పాలన్నంలో పంచదార లేదు. నీ బతుకులాగే చప్పగా ఏడ్చింది.'

ఏడ్చాను. మాంసం మాత్రం బాగుంది. చెల్లికి చెప్పలేదు, నవ్వుతుంది.

అక్టోబర్ 8, శుక్రవారం. ఉదయం 11
అబూ జియాద్ కారు రిపేరులో ఉందట. గిన్నెలో ఖర్జూరం బిస్కెట్లు నింపాను. అమ్మ ఇంటి మెట్ల మీద పెట్టి వచ్చేస్తాను. మెట్టు గడప కాదు కదా.

సాయంత్రం 4. నా కొత్త ఇంటి మెట్ల మీద
అమ్మ గడప తొక్కాను. కాఫీ తాగాను. అంట్లన్నీ తోమాను.

"తోమడం కూడా చేతకాదు, నిన్నెవడు భరిస్తాడే?" అంటూ అమ్మ గరిటె ఎత్తింది. కొట్టలేదు. అంతకుముందే నేను తల వంచేశాను. తర్వాత చెయ్యి చాపింది.

"నీ ఇంటి తాళంచెవి ఇటివ్వు."

ఇచ్చేశాను. భయం వేసింది, అంతే. ముప్పై రెండేళ్ళొచ్చినా అదే భయం. ఉన్నది ఒకటే తాళంచెవి అని ఇక్కడికొచ్చాక గుర్తొచ్చింది. ఒళ్ళో గిన్నె, మళ్ళీ నిండుగా. చెల్లికి ఫోన్ చేశాను.

సాయంత్రం 6
మైసూన్ వచ్చింది, తాళాలు బాగుచేసే మనిషిని వెంటబెట్టుకుని. తిట్టలేదు. గిన్నెను చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇల్లిచ్చేసి గిన్నె తెచ్చుకున్నావా? భలే బేరం!"

"ఖాళీగా పంపకూడదు కదే..."

"పంపకూడదు. అసలు తిప్పి పంపి తీరాలని ఎవరన్నారు? మా ఇంట్లో అమ్మ గిన్నెలు తొమ్మిదున్నాయి. అన్నిట్లోనూ పుదీనా వేశా. ఒక్కటీ ఖాళీగా లేదు!"

"నీకు భయం వెయ్యలేదా?"

"ఏడో గిన్నె దాకా వేసింది," అంది, కనుబొమ రుద్దుకుంటూ.

అక్టోబర్ 9. ఉదయం 8
కొత్త తాళం. చెవులు రెండు: ఒకటి నాది, ఒకటి మైసూన్‌ది. అమ్మ దగ్గరున్నది ఇక ఏ తలుపుకీ పట్టదు.

గిన్నె బాల్కనీలో ఉంది. అందులో మట్టి, చెల్లి తెచ్చిన పుదీనా కొమ్మ. ఫోన్ మోగుతోంది. భయం ఇంకా వేస్తోంది. చేతులకి మట్టి కదా, ఎలా ఎత్తను?

శపథం: నెల రోజులు. ఇది ఒకటో రోజు, ఒకటో గిన్నె.