పొయ్యి వెనక బీట

తమ్ముడూ,

ఆదివారం తాపీ, సిమెంటు మర్చిపోకుండా తెచ్చుకో. అప్పుడే చలి ఎముకలు కొరికేస్తోంది. కిటికీల చుట్టూ ఉన్న సందులన్నీ పూడ్చెయ్. వంటింట్లో పొయ్యి వెనక గోడ బీట మాత్రం ముట్టుకోకు. మీ బావగారు మొట్టమొదట అదే పూడ్చమంటారు. "దాన్ని కదిపితే గోడంతా ఊడొస్తుంది బావా" అని నువ్వే చెప్పు. మేస్త్రీ మాటైతే వింటారు, నా మాట వినరు.

ఆ బీట అవతల పక్కింటి ముసలావిడ వంటిల్లు. ఒక్కతే ఉంటుంది. బట్టలారేసే తాడు దగ్గర గొడవైనప్పటి నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. నేనుగా వెళ్ళి పలకరించాలంటే నామోషీ. కానీ పొద్దున్నే ఆవిడ దగ్గు వినపడితే గాని నాకు చెయ్యాడదు.

ఇవాళ వినపడలేదు. పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా గోడకి చెవి ఆనించి నిలబడ్డాను. ఎంతకీ అలికిడి లేదు. ఇక ఉండబట్టలేక గరిటెతో గోడని బాదాను.

"పొద్దున్నే ఏమిటే నీ గోల? కాసేపు పడుకోనివ్వవా?" అని అవతల నుంచి కేకలేసింది.

ప్రాణం లేచొచ్చిందిరా!

ఆ బీటలోంచి ఎంత చలిగాలి వస్తే రానీ, శాలువా కప్పుకుని వండుకుంటాలే.

అక్క