నీ భుజం మీది పైట

ఒరే ప్రసాదూ,

మొన్న పామర్రులో నీ సంవత్సరీకానికి వెళ్ళి వచ్చాను. ఈరోజు జరిగింది వింటే మీసం దువ్వుకునేవాడివి.

మన పటమట చీరల షాపులో ఇప్పుడు ట్రైనింగ్ నాదే. మూడు రోజులు కూర్చోబెట్టి పాఠాలు చెప్పడం మానేసి, ఎజైల్ పద్ధతి పెట్టాను. రెండు వారాలకు ఒక్క పని నేర్చుకోవాలి. వెంటనే కౌంటర్ దగ్గర చేసి చూసి, కుదిరిందో లేదో మాట్లాడుకోవాలి. ఏం నేర్చుకోవాలో ఎంచుకునేది సేల్స్ వాళ్ళే. దీంతోనైనా నాకు పేరొస్తుందనుకున్నాను.

పొద్దున మీటింగులో మొదట ఏం కావాలని అడిగాను. లలిత లేచింది. నువ్వు పోయాక చేరిన పిల్ల, నీ మొహమైనా చూడలేదు.

"ప్రసాద్ గారు పైట తన భుజం మీదే వేసుకుని చూపించేవారంట గదండీ. ముందు అది నేర్పించండి."

అందరూ చేతులెత్తారు. నాకు ఒళ్ళు మండింది. ఇద్దరం ఒకేరోజు చేరాం. నేను ఖాళీగా కూర్చున్నా, కస్టమర్లు నీ దగ్గరే నిలబడేవాళ్ళు. పోయినా నీ తీరు మారలేదు.

నేర్పేదెవరంటే అందరూ నావైపే చూశారు. పదేళ్ళు నీ పక్క కౌంటర్లో కుళ్ళుకుంటూ నిన్నే చూసినవాణ్ణి నేనొక్కణ్ణే మరి. మంగళగిరి చీర తీసి, మడత జారనిచ్చి, పైట భుజం మీద వేసుకుని నిలబడ్డాను.

"అచ్చం ప్రసాద్ గారేనండీ," అన్నాడు పాత క్యాషియర్ మెల్లగా.

ఇన్నేళ్ళకు నేను బాగా చూపించిన చీర అదొక్కటి. ఆ మెప్పూ నువ్వే పట్టుకుపోయావు. ఇంకా రెండు వారాలు, రోజూ పొద్దున్నే, నేను నువ్వై నిలబడాలి.