యంత్రానికి పూచీ

ప్రొద్దుటూరు,
16 మే 1997.

ప్రియమైన ప్రేమా,

ఒంటిగోడపల్లె ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని హోదాలోను, నా భార్య హోదాలోను నిన్నే సంబోధిస్తున్నాను. రెండు హోదాల మధ్య వివాదం తలెత్తిన పక్షంలో రెండవదానికి ప్రాధాన్యం ఇవ్వవలసిందిగా ముందే మనవి చేసుకుంటున్నాను.

విషయం: అమెరికాలో ఒక కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ విజేతను ఓడించుట, తత్ఫలితంగా ఒంటిగోడపల్లెలో బస్సు ఆగవలసిన చోటు.

ఈ రెంటికీ సంబంధమేమిటని నువ్వు అడుగుతావు. మొన్నటి వరకు ఏమీ లేదు. ఆ సంబంధం నేను కల్పించాను.

పేపరులో ఆ వార్త వచ్చిన ఉదయం, మన కంప్యూటర్ సెంటరు కింద ఉన్న హుమాయున్ టీ అంగడిలో కూర్చున్నాను. హుమాయున్ గ్లాసు నా చేతికిచ్చి, "ఏం సార్, యాడనో మిషను మనిషిని ఓడగొట్టిందంట?" అని అడిగాడు. అడిగినవాడికి చెప్పకపోవడం విద్యావంతుడికి తగదు గనుక చెప్పాను. యంత్రానికి కులం లేదు, బంధువులు లేరు, పార్టీ లేదు, ఓడితే ఏడవదు, గెలిస్తే తొడ కొట్టదు, కాబట్టి మన జిల్లాలో పంచాయితీలు పెద్దమనుషులకు బదులు కంప్యూటర్‌కు అప్పగిస్తే కడప జైలులో సగం గదులు అద్దెకు ఇచ్చుకోవచ్చునని నా అభిప్రాయం. అంగడిలో అందరూ మెచ్చుకున్నారు. హుమాయున్ మాత్రం నా చెవి దగ్గరకు వంగాడు.

"సార్, ఆ బెంచీ మీద కూచున్నాయన ఎవురో తెల్సునా?"

"తెలియదు."

"తెలిసుంటే టీ తాగి గమ్మున పోయేటోళ్లు. ఒంటిగోడపల్లె గుర్విరెడ్డి జీపు డ్రైవరు."

నీకు తెలిసినదే అయినా రికార్డు కొరకు రాస్తున్నాను. ఒంటిగోడపల్లె ముద్దనూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఉంది. పైవీధి గుర్విరెడ్డిది, కిందవీధి వెంకటసుబ్బమ్మది. భర్త పోయినప్పటి నుంచి ఆ వర్గాన్ని ఆమే నడుపుతున్నది. ఎవరు ఏ పార్టీ అన్నది ఎన్నికలను బట్టి మారుతుంది. ఇద్దరూ ఒకే పార్టీలో ఉండరన్నది మాత్రం మారదు. రెండు ఇళ్ల గోడల మీదా దండలు వేసిన ఫోటోలు ఉన్నాయి గనుక దీన్ని తేలికగా తీసుకోరాదు. బస్సు పైవీధిలో ఆగితే కిందవీధి రాళ్లు, కిందవీధిలో ఆగితే పైవీధి రాళ్లు. అందుచేత బస్సు ఊరిలో ఆగకుండా, ఊరు దాటి వంక మీది కల్వర్టు దగ్గర ఆగుతుంది. అక్కడ దిగి ఎండలో వెనక్కి నడిచే ప్రయాణికులలో నిండు గర్భిణులు, ముసలివాళ్లు, బియ్యం మూటలు, ఒక ఉపాధ్యాయిని ఉంటారు. రెండు వీధుల నడుమ బడి ఉంది, దాని ముందు ఆపవచ్చునన్న ఆలోచన ఊరిలో ప్రతి ఒక్కరికీ ఉంది. అయితే ఎవరు ముందు పలికితే అది వారి పక్షం ప్రతిపాదన అవుతుంది, రెండవ పక్షం దాన్ని ఒప్పుకోరాదు. కనుక ఎవరూ పలకరు.

ఆ డ్రైవరు నా అభిప్రాయాన్ని ఊరికి మోసుకుపోయాడు. ప్రపంచ విజేతను ఓడించిన జాతికి చెందిన యంత్రం ప్రొద్దుటూరులో ఒకటి ఉన్నదట, బస్సు సంగతి అదే తేల్చాలట. విచిత్రమేమంటే రెండు వర్గాలూ ఒప్పుకున్నాయి. మన దగ్గర ఉన్నది టైపు నేర్పే పాత యంత్రమని, అది చదరంగంలో నా చేతిలోనే ఓడిందని చెప్పాను. అది వినయమనుకున్నారు.

ఈస్టరు పండుగ నాటి నుంచి నువ్వు నాతో సరిగా మాట్లాడడం లేదన్న విషయం, బడికి సెలవులు ఇవ్వగానే పులివెందుల పుట్టింటికి పోయావన్న విషయం ఈ ఉత్తరం పరిధిలోకి రావు.

ఇట్లు, నీ విధేయుడు,
ఏసురత్నం

*

ప్రొద్దుటూరు,
25 మే 1997.

ప్రేమా, నా ఇంటి ప్రధానోపాధ్యాయినీ,

మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు. తపాలా శాఖ ఆలస్యంగా భావించి ముందుకు సాగుతున్నాను.

నిన్న రెండు వర్గాల పెద్దలు యంత్రాన్ని తనిఖీ చేయడానికి మన సెంటరుకు వచ్చారు. మెట్లు ఇరుకైనందున ఎవరు ముందు ఎక్కాలన్న చర్చ కొంతసేపు కింద జరిగింది. చివరికి నేను ముందు ఎక్కాను. వెంకటసుబ్బమ్మ కొంగు నిండుగా కప్పుకుని కంప్యూటర్ ముందు కూర్చుని, పెళ్లిచూపులలో పిల్లవాణ్ణి చూసినట్టు పరిశీలించింది.

"ఏం నాయనా, ఈ పెట్టె ఎవురి మనిషి?"

"ఎవరి మనిషీ కాదమ్మా. యంత్రం."

"ఎవురి మనిషీ కానోడు ఈ జిల్లాలో ఇన్నాళ్లు ఎట్ల బతికినాడు?"

ఈ ప్రశ్న సైన్సు పరిధిలోకి రాదు. ఇంతలో గుర్విరెడ్డి దాని పుట్టుపూర్వోత్తరాలు అడిగాడు. తెర మద్రాసులో, పెట్టె హైదరాబాదులో కొన్నామని, కీబోర్డు తైవానులో తయారైందని విన్నవించాను.

"తైవాను యాడొస్తాది?"

"చైనా పక్కన."

"చైనాకూ వాళ్లకూ పడతాదా?"

"పడదు."

"పక్కింటోనితో పడకుండా నిలబడినారంటే మనోళ్లే," అన్నాడు గుర్విరెడ్డి తృప్తిగా.

వెంకటసుబ్బమ్మ వర్గం వెంటనే అభ్యంతరం తెలిపింది. తైవాను పైవీధి పక్షమైతే తమకు చైనా కావలసి ఉంటుందన్నారు. ఆసియా ఖండంలో శాంతి నెలకొల్పడానికి నాకు రెండు విడతల టీ అయింది. చివరికి కీబోర్డు ఒక వర్గం, మౌసు ఇంకొక వర్గం పట్టుకోవాలని తీర్మానించారు. ఆ కార్యక్రమానికి మౌసుతో పని లేదని నేను చెప్పలేదు. నేర్చుకుంటున్నాను.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. బయలుదేరబోతూ గుర్విరెడ్డి గడపలో ఆగి, "అంతా బాగుండాది గానీ, దీనికి పూచీ ఎవురప్పా?" అన్నాడు.

వాళ్ల రాజీలలో ఒక పద్ధతి ఉంది. ఏ పక్షమూ కాని సాక్షి పంచాయితీకి రావాలంటే ఇద్దరికీ నమ్మకమైన మనిషి ఒకరు వానికి పూచీ ఉండాలి. ఆ సాక్షి రాకపోయినా, వచ్చి నోరు మెదపకపోయినా, వాని బదులు పూచీ ఉన్నవారే మాట చెప్పాలి. ఆ మాట రెండు వర్గాలకూ ఆఖరిది. దాటినవాడికి సొంత వీధిలో కూడా మంచినీళ్లు పుట్టవు. దండలు పడిన ఫోటోలు ఇంకా పెరగకుండా ఆపినది పోలీసుస్టేషను కాదు, ఈ పద్ధతేనంటారు. యంత్రానికి మాత్రం మినహాయింపు ఎందుకని వాళ్ల వాదన.

నేనుంటానన్నాను.

"నువ్వా? నీకు ప్రతిదాని మీదా ఒక అభిప్రాయముంటాది," అన్నాడు గుర్విరెడ్డి. "పూచీ ఉండేటోనికి నోరు తక్కువుండల్ల."

అప్పుడు వెంకటసుబ్బమ్మ, "ఈయప్ప పెండ్లాము ఉండాది గదా, మన బడి టీచరమ్మ. ఆయమ్మ ఉంటాదేమో అడగండి," అంది. గుర్విరెడ్డి ఆమె మాటను కాదనడం మరిచిపోయాడు.

"ఆయమ్మయితే సరే. నా మనవణ్ణీ నీ మనవణ్ణీ ఒకే బెంచీలో కూచోబెట్టింది. ఇద్దరికీ సమానంగా తగిలించింది," అన్నాడు.

కాబట్టి ఇందుమూలంగా కోరునదేమనగా, సదరు యంత్రానికి పూచీ ఉండడానికి నీ సమ్మతి తెలియజేయగలవు. జూలై నెలలో అంగారక గ్రహం మీద ఒక బండి దిగబోతున్నదని చదివాను. అది ఎక్కడ ఆగాలన్న విషయంలో అక్కడ రెండు వర్గాలు లేకపోవడం వల్ల పని సులువైందని నా అభిప్రాయం. అభిప్రాయం చెప్పినందుకు క్షమించు.

ఇట్లు,
యంత్రం తరఫున, తన తరఫున కూడా,
ఏసురత్నం

*

ఒంటిగోడపల్లె, బడి వసారా,
6 జూన్ 1997.

ప్రేమకు,

నీ కార్డు అందింది. "ఉంటాను" అన్న ఒకే మాట, కింద సంతకం. ప్రభుత్వ కార్యాలయాలలో కూడా ఇంత క్లుప్తత చూడలేదు. అయినా ఆ కార్డును జేబులో పెట్టుకునే తిరుగుతున్నాను.

ఈ ఉత్తరాన్ని గుర్విరెడ్డి జీపు డ్రైవరు నీ చేతికిస్తాడు. అదే, టీ అంగడి డ్రైవరు. కవరుకు నాలుగు వైపులా అన్నం మెతుకులతో అంటించాను. తెరిచిన గుర్తులు కనిపిస్తే జవాబులో తెలుపు.

ఈ ఉదయం యంత్రాన్ని పరుపు మీద పడుకోబెట్టి ఆటోలో ఇక్కడికి తెచ్చాను. కొడవళ్లు గేటు బయట కుప్ప పోశారు. వసారాకు ఇటు పైవీధి, అటు కిందవీధి, నడుమ నీ కుర్చీ, దాని ముందు బల్ల మీద యంత్రం. నీ కుర్చీలో కూర్చోవడానికి నాకు అర్హత లేదని నిలబడ్డాను. గుర్విరెడ్డి అన్న కొడుకు తమ వాదనను ఒక వేలితో టైపు చేశాడు. వెంకటసుబ్బమ్మ కోడలు తమ వాదనను రెండు వేళ్లతో చేసింది, దాన్ని ఆ వర్గం ఆధిక్యంగా నమోదు చేసుకుంది. ఇక ఒక్క మీట నొక్కితే తీర్పు. నా చేయి మీట మీద ఉంది. కరెంటు పోయింది.

మన యూపీఎస్ బ్యాటరీ మార్చమని నువ్వు చెబుతూనే ఉన్నావు. అది కాసేపు కీచుమని అరిచి ఊరుకుంది. ఆ అరుపును అందరూ యంత్రం మరణవాఙ్మూలంగా స్వీకరించారు. భాష మాత్రం ఎవరికీ అర్థం కాలేదు.

"తీర్పు మాకొస్తాదని కరెంటు తీపిచ్చినారు," అన్నాడు గుర్విరెడ్డి మనిషి ఒకడు లేచి.

"గవర్మెంటు మీది, కరెంటాఫీసు మీది, తీపిచ్చేది మేమా?" అంది వెంకటసుబ్బమ్మ లేవకుండానే.

గేటు వైపు చూసే కళ్లు ఎక్కువయ్యాయి. కొడవళ్లు గేటు దగ్గరే ఉన్నాయి గదా. ప్రేమా, అప్పటిదాకా నాకు ఇదంతా నవ్వులాటగానే ఉంది. ఆ నిమిషంలో నవ్వు రాలేదు. అప్పుడు గుర్విరెడ్డే చేయి ఎత్తాడు. "కూచోండప్పా. పెట్టె నోరు పడిపోయింది. పూచీని పిలవండి," అన్నాడు. ఒక జీపు పంపితే ఆ వర్గం నిన్ను దారిలో ప్రభావితం చేస్తుంది గనుక రెండు జీపులు పులివెందులకు వస్తున్నాయి. ఒకదాని దుమ్ము ఒకటి మింగుతూ మామగారి చీనీతోట ముందు ఆగుతాయి. దాసయ్య మామగారిని కంగారు పడవద్దని చెప్పు.

ఇప్పుడు రహస్య విభాగం. ఆ యంత్రం ఆలోచించదు. వాళ్లు ఏది టైపు చేసినా "బడి ముందు" అని మాత్రమే తెర మీద వచ్చేటట్టు నేను రాసిపెట్టాను. యంత్రానికి పక్షం లేదని ప్రొద్దుటూరంతా చాటింది నేనే, దానికి పక్షం నేర్పిందీ నేనే. దాని పక్షం నువ్వు. కల్వర్టు దగ్గర దిగి, చెప్పుల నిండా దుమ్ముతో, గొడుగు ఎండకు అడ్డం పెట్టి వెనక్కి నడిచే మనిషి ఒకరుంటారని దానికి తెలియదు. నాకు తెలుసు.

ఈస్టరు భోజనం నాడు మీ వాళ్లందరి ముందు, ఆకులో మాంసం ఉండగా, ఒక గొర్రె నుంచి ఇంకొక గొర్రెను అచ్చుగుద్దిన శాస్త్రవేత్తల గురించి కూర చల్లారేదాకా ఉపన్యసించాను. ఆ నడుమ నువ్వు, "నాకు పులివెందులకు బదిలీ ఇస్తామంటున్నారు, పొమ్మంటారా, ఉండమంటారా?" అని అడిగావు. "నీ ఇష్టం," అని మళ్లీ గొర్రె దగ్గరకు పోయాను. "ఈయనకు లోకంలో అన్నిటి మీదా అభిప్రాయముంది, నా మీద తప్ప," అని నువ్వు లేచి చేయి కడుక్కోవడానికి పోయావు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. ఉండమంటే నీ నడకకు నేను కారణమవుతానని భయం. పొమ్మంటే నిజంగానే పోతావని ఇంకా భయం. అందుకని మర్యాదగా కనిపించే ఆ రెండు మాటలు వాడాను.

అడిగినప్పుడు చెప్పని అభిప్రాయం ఇప్పుడు దాఖలు చేస్తున్నాను. పోవద్దు. తిరిగి రా. బస్సు యాడ ఆగినా సరే, అక్కడికి నేను సైకిలు తెస్తాను.

ఇట్లు,
ఏ హోదా లేని
నీ ఏసురత్నం

*

పులివెందుల,
అదే రోజు.

శ్రీ ఏసురత్నం గారికి,

కవరు తెరిచిన గుర్తులు లేవు. ఒక మెతుకుకు చీమలు పట్టాయి.

నా జవాబులో రెండు భాగాలున్నాయి. మొదటిది వసారాలో అందరికీ వినిపించేటట్టు చదవండి. రెండవది చదివేటప్పుడు మీ పెదవులు కదలకూడదు.

మొదటి భాగం. పెట్టె పలకలేదు గనుక పూచీ పలుకుతున్నది. పెద్దలు పంపిన రెండు జీపులనూ తిప్పి పంపుతున్నాను. ఏ జీపు ఎక్కినా ఆ జీపు తీర్పు అవుతుంది. రేపు ఉదయం జమ్మలమడుగు బస్సులో వస్తాను. నేను దిగిన చోటే ఇక బస్సు ఆగే చోటు. నేను బడికి వచ్చే మనిషిని గనుక బడి ముందే దిగుతాను. ఈ మాట పైవీధిదీ కాదు, కిందవీధిదీ కాదు. పూచీ అడిగింది మీరే. అభ్యంతరం ఉన్నవారు రేపు ఆ బస్సెక్కి నా పక్క సీటులో కూర్చుని చెప్పవచ్చు, టిక్కెట్టు ఎవరిది వారే కొనుక్కోవాలి. మనవళ్లిద్దరూ బడి తెరిచిన రోజు ఎక్కాలు ఒప్పజెప్పవలసి ఉంటుందని కూడా ఇళ్లలో తెలియజేయగలరు.

రెండవ భాగం. బదిలీ కాగితాన్ని ఈస్టరు తర్వాతి వారమే వద్దని రాసి వెనక్కి పంపాను. రెండు ఊళ్లలోనూ ఎండ ఒకటే. ఆ సంగతి మీరే అడుగుతారని సెలవులంతా చూశాను. చదరంగం గురించి రాశారు, తైవాను గురించి రాశారు, అంగారకుడి మీదికి కూడా పోయి వచ్చారు. ఈ పూట జీపులో దుమ్ము కొట్టుకుని మీ అభిప్రాయం చేరింది. స్వీకరించడమైనది. మనిషి నోటితో చెప్పవలసిన మాట యంత్రం నోట్లో పెడితే కరెంటు పోతుంది, ఇది సైన్సు కాకపోవచ్చు. సైకిలు కల్వర్టు దగ్గరకు కాదు, బడి దగ్గరకు తీసుకురండి. వెనక చక్రంలో గాలి చూసుకోండి.

డ్రైవర్లిద్దరినీ నాయన ఒకే మంచం మీద కూర్చోబెట్టి చీనీకాయలు ఒలిచిస్తున్నాడు. మొదట చెరొక కొసన కూర్చున్నారు, మంచం నులక వదులు గనుక ఇద్దరూ నడుమకు జారారు. మీ ఉత్తరాల సంగతంతా విని నాయన నన్ను ఒకటి అడిగాడు.

"పెట్టెకు పూచీ ఉండావు, బాగానే ఉండాది. ఆ మనిషికి ఎవురుంటారమ్మా పూచీ?"

బట్టలు సర్దుకుంటున్నాను.

ఇట్లు,
ప్రేమకుమారి