రాట్నం ఆపిన రోజు

బిడ్డా సత్తెమ్మా,

నువ్వు పోయి ఈ అమాసకు ఐదేళ్లు. ఇప్పుడు నేను భువనగిరిలో, నల్లమందు మానుకోవాలని వచ్చిన ఆడవాళ్లుండే ఇంట్లో ఉంటున్నాను. అక్షరాలు ఇక్కడే నేర్చుకున్నాను. మగ్గాల వాళ్లకు దారం కండెలు చుట్టి బతుకుతున్నాం.

ఈ ఉదయం నకిరేకల్ దిక్కు నుంచి ఎల్లమ్మ అనే ఆమె చంటిపిల్లతో వచ్చింది. ఆ పిల్ల మధ్యాహ్నం దాకా గుక్కపట్టి ఏడ్చింది. ఎల్లమ్మ కొంగుముడి విప్పి నల్లని చిన్న ఉండ చూపించింది. సర్కారు నల్లమందు దుకాణాలు మూతబడినా అది దొంగచాటుగా దొరుకుతూనే ఉంది.

"అక్కా, పిల్లకు ఆవగింజంత నాకిస్తే పండుకుంటది. మా దిక్కు అందరం గిట్లనే చేస్తం."

"మా దిక్కు గూడ గంతే," అన్నాను.

నీకూ అట్లాగే నాకించేదాన్ని. నువ్వు పడుకుంటే నా పని తెమిలేది. మిగిలింది నేను వేసుకునేదాన్ని. ఒకరోజు నువ్వు లేవలేదు. మంచిగా నిద్రపోయిందనుకుని ఇంకో పది కండెలు చుట్టాను.

ఇదేదీ ఎల్లమ్మకు చెప్పలేదు. ఉండ చేతిలోకి తీసుకున్నాను. ఇన్నాళ్లయినా నోట్లో నీళ్లూరాయి. దాన్ని పొయ్యిలో వేసి, రాట్నం ఆపి, పిల్లను భుజాన వేసుకున్నాను.

"ఏడ్వనీ," అన్నాను.

పొద్దుగూకేదాకా ఏడ్చింది. ఇంట్లో ఎవరూ విసుక్కోలేదు. నేను మాత్రం చెవి దగ్గర ఆ ఏడుపు వింటూ, నీ ఏడుపు ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గుర్తుకు రాలేదు, బిడ్డా.